చూపుల ఇల్లు

ఆ ఏడు ద్రాక్షకోత మొదలైన నాలుగో రోజున, మేం పిలవకుండానే మా ఇంటికి రంగులు వేసేవాళ్ళు వచ్చారు. ముగ్గురు మనుషులు, రెండు నిచ్చెనలు, నాలుగు డబ్బాల నీలం రంగు. తలుపులకి, కిటికీ రెక్కలకి, వాకిట్లో మేం పడుకునే పెద్ద అరుగు కమ్మీలకి పూశారు. గుమ్మం మీద మా మామగారు ప్రార్థన చెక్కించి పెట్టిన దువా పలకని అధికారులు అంతకు ముందేడే పీకించేశారు. ఆ చోట మిగిలిపోయిన మచ్చ మీద కూడా రెండు పూతలు వేశారు.

మా అత్తమ్మ హనిపా అరుగు చివర కూచుని చూస్తూ, "ఎవరికే పెళ్ళి?" అంది.

"తెలీదత్తమ్మా."

"ఈ ఇంట్లో మొగుడు లేనిదాన్ని నేనొక్కదాన్నే. పెళ్ళికొడుకెవరో కనుక్కో. పళ్ళున్నవాడైతేనే చేసుకుంటానని చెప్పు."

నిచ్చెన మీదవాడు నవ్వాపుకోలేక ఊగిపోయాడు. లియు అక్క మాత్రం నవ్వలేదు. ఆమె చైనీసు మనిషి, మాకు ప్రభుత్వం ఇచ్చిన బంధువు. నెలకి పది రోజులు మా ఇంట్లో తిని, మా మధ్యే పడుకుని, మేమేం మాట్లాడుకున్నామో పుస్తకంలో రాసుకుని వెళ్ళేది. చెడ్డ మనిషేం కాదు. నాకు జ్వరమొస్తే జావ కాచి తాగించింది. ఆ జావ సంగతి కూడా రాసుకునే ఉంటుంది.

సాయంత్రం మా పేట కార్యదర్శి గెయ్రెత్ వచ్చాడు. మావాడే. నా భర్త యాల్కున్, అతనూ ఒకే బల్ల మీద కూచుని చదువుకున్నారు. అత్తమ్మ పొయ్యి దగ్గరుండటం చూసి, నన్ను ద్రాక్ష పందిరి చివరికి పిలిచాడు.

"నెలాఖరుకి విదేశాల నుంచి పెద్దమనుషులొస్తున్నారు మాహినూర్. ఇక్కడ మనవాళ్ళని బాధలు పెడుతున్నారని బయట గోలగా ఉందిగా. నిజమో కాదో కళ్ళతో చూసిపోతారట. మీ ఇల్లు ఎంపికైంది."

"మా ఇల్లే ఎందుకు?"

"పందిరి నిండుగా ఉంది. రోడ్డు పక్కనుంది." గొంతు తగ్గించాడు. "యాల్కున్‌ని తీసుకొస్తున్నారు."

చేతిలో ఉన్న గుత్తులు కోసే కత్తెర ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు. యాల్కున్ని తీసుకెళ్ళి అప్పటికి పంతొమ్మిది నెలలు. ఎక్కడున్నాడని ఎవరడిగినా 'చదువుకోడానికి వెళ్ళాడు' అనాలి. ముప్పై ఆరేళ్ళ మనిషి, ఎవరో పంపిన ప్రార్థన ఒకటి ఫోన్లో దొరికినందుకు, ముళ్ళకంచె లోపల చదువుకుంటున్నాడు.

"శుక్రవారం వస్తాడు, ఆరు రోజులుంటాడు. అంతా సవ్యంగా జరిగితే రెండు వారాల్లో పూర్తిగా ఇంటికే. నేను మాట్లాడాను. ఒకటే చిక్కు" అని వంటింటి వైపు చూశాడు. "ముసలమ్మ. ఆవిడ నోటికి మూత లేదు. కొడుకుని చూస్తే శోకాలు పెడుతుంది, వచ్చినవాళ్ళ ముందే మమ్మల్ని తిడుతుంది. బీపీ ఉందిగా, పట్నం ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచుతాం. వాడొస్తున్నాడని మాత్రం చెప్పకు. చెబితే కదలదు."

"కన్నతల్లి, గెయ్రెత్."

"నాకు తెలీదా? ఆవిడ చేతి రొట్టె తిని పెరిగినవాణ్ణే." కాసేపు నేలకేసి చూశాడు. "నీ మొగుడు నీకు ఆరు రోజులకి కావాలా, జన్మంతా కావాలా? అది చెప్పు."

మర్నాడు అత్తమ్మ సంచి సర్దాను.

"వారం రోజులకి ఇన్ని బట్టలెందుకే? నన్ను కూడా చదివించడానికి పంపుతున్నారా?"

"బీపీ చూస్తారత్తమ్మా, అంతే."

"అదెందుకు పెరిగిందో వాళ్ళకి తెలీదూ? మళ్ళీ చూడ్డమెందుకు?" అంటూనే కండువా కట్టుకుంది. బండెక్కాక కిటికీలోంచి తల బయటపెట్టి, "పడమటి వరస పండిపోయింది, నేనొచ్చేదాకా ఉంచకు. ఈగలపాలవుద్ది" అని అరిచింది. నేను చెయ్యి ఊపాను.

శుక్రవారం మధ్యాహ్నం తెల్ల కారు వచ్చింది. దిగిన మనిషి చొక్కాకి కొట్టులో మడతపెట్టిన గీతలు అలాగే ఉన్నాయి. జుట్టు కొత్తగా కత్తిరించారు. మెడ సన్నబడి కాలరు వదులుగా ఉంది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. నేను ఎదురెళ్ళినా కదల్లేదు. వెంట వచ్చినవాడు "లోపలికెళ్ళు" అన్నాక అడుగు వేశాడు. అది అతని తండ్రి కట్టిన ఇల్లు.

"అమ్మేది?" అన్నాడు.

"ఆసుపత్రిలో. బీపీ చూపించుకోడానికి."

"బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

నా ముఖంలోకి చూసి, తర్వాత లియు అక్క కేసి చూసి, తల ఊపాడు. ఆ ఆరు రోజుల్లో మళ్ళీ అమ్మ మాట ఎత్తలేదు.

మా అమ్మాయి ఇపార్‌ని కూడా హాస్టల్ బడి నుంచి తీసుకొచ్చారు. ఏడేళ్ళు. అక్కడ అంతా చైనీసే, మా భాష మాట్లాడితే నిలబెడతారు. తండ్రిని చూసి మొదటి రోజు నా వెనక దాక్కుంది. రెండో రోజుకి అతని భుజమెక్కింది.

రోజూ భోజనాలయ్యాక అరుగు మీద రిహార్సలు జరిగేది. వచ్చేవాళ్ళు అడగబోయే ఇరవై రెండు ప్రశ్నలు, వాటికి జవాబులు కాగితం మీద అచ్చుకొట్టి ఇచ్చారు. జవాబులు చైనీసులో చెప్పాలి. లియు అక్క విదేశీ మనిషిలా కాళ్ళు చాపుకుని కూచుని అడిగేది.

"మీరు ఆ కేంద్రంలో ఎందుకు చేరారు?"

"నా ఆలోచనలకి తెగులు పట్టింది. ప్రభుత్వం నన్ను సకాలంలో కాపాడింది."

ఇపార్ పకపకా నవ్వి బోర్లా పడింది. "అయ్యో నాన్నా! గొంతు కిందికి దించాలి. నువ్వన్నట్టు పైన పట్టుకుని అంటే 'కాపాడింది' అవదు, 'పట్టి గుంజింది' అవుతుంది!"

లియు అక్క చేతిలో కలం ఆగింది. యాల్కున్ చటుక్కున లేచి నిలబడ్డాడు. చేతులు తొడలకి ఆనించి, తల వంచి, "సరిదిద్దినందుకు కృతజ్ఞతలు టీచర్" అన్నాడు.

ఇపార్ అది ఆటనుకుంది. తనూ లేచి చేతులు వెనక్కి కట్టుకుని, "కూర్చో" అంది. అతను కూర్చున్నాడు.

మేమిద్దరం ఒంటరిగా మాట్లాడుకునే చోటు ఒక్కటే ఉంది, ద్రాక్ష ఆరేసే గది. గుట్ట మీద, గోడల నిండా కంతలుంచి కట్టిన ఇటుకల గది. ఆ కంతల్లోంచి ఎడారి గాలి వచ్చి కొడుతుంటే లోపల రొట్టె కాల్చే పొయ్యిలా ఉంటుంది. లియు అక్క ఒకసారి తల పెట్టి చూసి, కింద చెట్టు నీడలో కూచుంది. యాల్కున్ గంపలోంచి గుత్తులు అందిస్తున్నాడు, నేను కొయ్యలకి తగిలిస్తున్నాను.

"ఎడమవైపు పళ్ళు రెండు లేవు" అన్నాను.

"పడ్డాను."

"ఎక్కడ?"

"గుత్తి అందుకో."

అందుకున్నాను. ఒక వరస నిండింది. తర్వాత అతను, "పాషాఖాన్ అక్క కనపడలేదే?" అన్నాడు.

పాషాఖాన్ మా పక్కింటి ఆవిడ. భర్త లేడు. ఇద్దరు కొడుకులూ యాల్కున్ ఉన్న చోటే ఉన్నారు. చిన్నవాడు ఎక్రెమ్‌కి పంతొమ్మిదేళ్ళు.

"నువ్వున్నన్ని రోజులూ ఇరుగుపొరుగు రాకూడదన్నారు. పాపం, గుమ్మం ముందు నుంచి నాలుగుసార్లు నడిచింది."

"ఎక్రెమ్ పోయాడు."

"ఎక్కడికి మార్చారు?"

"పోయాడు నూర్. ఫిబ్రవరిలో. నా పక్క మంచమే. నెల రోజులు దగ్గాడు. పొద్దున కుదిపితే లేవలేదు." ఇంకో గుత్తి అందించాడు. "ఆవిడకి చెప్పకు. మా గదిలో పద్దెనిమిది మందిమి, బయటికొచ్చింది నేనొక్కణ్ణే. ఎవరు చెప్పారో కనుక్కోడానికి వాళ్ళకి పూట కూడా పట్టదు."

కళ్ళలోకి చెమట కారుతోంది. తుడుచుకోడానికి చేతులకి ద్రాక్ష జిగురు.

"మరి వచ్చేవాళ్ళకి? ఆ విదేశాలవాళ్ళకి చెబితే?"

ఖాళీ గంపని తిరగేసి ఆకులు దులిపాడు.

"నాకు ఇంటికి రావాలనుంది" అన్నాడు.

బుధవారం పదకొండు మంది వచ్చారు. వాళ్ళ వెంట అధికారులు, దుబాసీలు, కెమెరాలవాళ్ళు కలిపి ముప్పై మందికి పైనే ఉంటారు. పొద్దున్నే ఎవరో వాయిద్యాలవాళ్ళని దింపిపోయారు. అరుగు మీద పుచ్చకాయలు, ఖర్బూజాలు, వేయించిన బాదం. పెద్ద బాణలిలో మాంసం పలావు. మా ఇంట్లో మాంసం ఉడికి అప్పటికి మూడు నెలలైంది.

కుర్చీలు వేస్తే వద్దని, ముచ్చటగా అరుగు మీదే బాసింపట్లు వేసుకుని కూచున్నారు. ప్రశ్నలు అచ్చుకాగితంలో ఉన్నవే అడిగారు. అందరూ కాదు. ఒకాయన, బట్టతల, పొడుగాటి మనిషి, చుట్టూ చూసి, "మీ తల్లిగారు లేరా?" అన్నాడు. అది ఇరవై రెండింటిలో లేదు. యాల్కున్ నావైపు తిరిగాడు.

"చుట్టాల పెళ్ళికి వెళ్ళింది" అన్నాను నేను. దుబాసీ చెప్పాడు. ఆయన రాసుకున్నాడు.

'కాపాడింది' దగ్గర యాల్కున్ గొంతు కిందికే దించాడు. ఇపార్ నా ఒళ్ళో కూచుని చప్పట్లు కొట్టింది.

వచ్చినవాళ్ళలో ఒక ఆడమనిషి ఉంది. నెరిసిన పొట్టి జుట్టు, పాదాలకి చవకరకం బూట్లు. పుచ్చకాయ తిన్నాక చేతులు చూపించి కడుక్కోవాలన్నట్టు సైగ చేసింది. వంటింట్లోకి తీసుకెళ్ళాను. లియు అక్క కూడా వెంట వచ్చింది. నేను కూజాతో నీళ్ళు పోస్తున్నాను, ఆమె నెమ్మదిగా చేతులు రుద్దుకుంటోంది. బయట పాట మొదలైంది. కెమెరా అతను, "బంధువుగారూ, ఒక్క ఫోటో! మీరు లేకపోతే ఎలా?" అని లియు అక్కని కేకేశాడు. ఆమె నన్నొకసారి చూసి, గుమ్మం దాటింది.

అప్పుడా మనిషి తల ఎత్తకుండా మాట్లాడింది. మా భాష కాదు. కానీ మా భాషకి చుట్టరికం ఉన్న భాష. మన మాటలే ఇంకెవరో నోట్లో తిప్పి పలికినట్టు, ప్రతి ముక్కా అర్థమైంది.

"చెల్లీ, నీ పేరు ఎక్కడా రాయను. నిజం చెప్పు. ఎలా ఉన్నారు మీరు?"

కిటికీలోంచి వాకిలి కనిపిస్తోంది. యాల్కున్ని మధ్యలోకి లాగారు. నాట్యం చేస్తున్నాడు. చేతులు పైకెత్తి, నోరు మూసుకునే నవ్వుతూ తిరుగుతున్నాడు. మా పెళ్ళిలో ఎంతమంది లాగినా సిగ్గుపడి మూలకి పారిపోయిన మనిషి.

ఎక్రెమ్ పేరు నా నాలుక మీదికి వచ్చింది. ఒక్క మాట పని. కూజాలో నీళ్ళు అయిపోయాయి.

"మేం బాగున్నాం అక్కా" అన్నాను. "తువ్వాలు ఇదిగో."

ఆమె చేతులు తుడుచుకుంది. వేలు వేలూ తుడుచుకుంది. నావైపు చూసి తల ఊపి వెళ్ళిపోయింది. ఆ చూపులో ఉన్నది జాలి అని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, అది నిమ్మళం. ఎంతో దూరం వచ్చిన మనిషికి పని సులువుగా తేలిపోతే ఉండే నిమ్మళం.

వాళ్ళ బస్సు వెళ్ళిన గంటకి తెల్ల కారు వచ్చింది. యాల్కున్ కొత్త చొక్కా విప్పి మడతపెట్టి వాళ్ళకే ఇచ్చాడు, వాళ్ళదే కాబట్టి. ఇపార్ చైనీసులో "మళ్ళీ కలుద్దాం" అని చెయ్యూపి, బడి సంచి సర్దుకోడానికి లోపలికి పరిగెత్తింది. గెయ్రెత్ నాతో, "రెండు వారాలు. వేళ్ళ మీద లెక్కపెట్టుకో" అన్నాడు. మిగిలిన పలావుని అధికారులు డబ్బాల్లో పెట్టించుకుని పట్టుకెళ్ళారు.

శనివారం అత్తమ్మని దింపారు. మా ఇంటికి పాషాఖాన్ గుమ్మం దాటే రావాలి. "కొడుకొచ్చి వెళ్ళాడట కదా వదినా, కళ్ళారా చూసుకున్నావా?" అని పాషాఖాన్ అడగనే అడిగింది. అత్తమ్మ మా వాకిట్లోకి వచ్చి, సంచి భుజానుండగానే నిలబడింది.

"ఎన్ని రోజులున్నాడు?"

"ఆరు."

"నా బీపీ ఎన్ని రోజులుంది?"

నేను సంచి అందుకోబోయాను. ఇవ్వలేదు.

"తిన్నాడా?"

"తిన్నాడు."

"పళ్ళన్నీ ఉన్నాయా వాడికి?"

"ఉన్నాయత్తమ్మా."

"అన్నీ?"

"అన్నీ."

సంచిని అరుగు మీద పెట్టి, అందులోంచి కండువాలు, మేజోళ్ళు, నేను మడతపెట్టిన మడతల్లోనే ఒక్కొక్కటీ తీసి పేర్చింది. "ఇది నువ్వే సర్దావు కదే" అంది. అంతే. అరవలేదు, శపించలేదు. ఊరందరినీ నవ్వించిన ఆ నోరు ఆ రోజు నుంచి నా విషయంలో మూతపడింది. ఉప్పు కావాలన్నా గోడకి చెప్పినట్టు చెప్పేది.

రెండు వారాలు గడిచాయి. నాలుగు గడిచాయి. ఆరేసిన గుత్తులు ఎండి, కొయ్యలు కదిపితే గలగలా రాలాయి. ఏరి, తొడిమలు దులిపి, బస్తాలకెత్తాం. గెయ్రెత్ నన్ను చూస్తే సైకిల్ పక్క సందులోకి తిప్పేవాడు. ఒకరోజు ఎదురు నిలబడితే ఆగాడు.

"చదువైపోయిందట వాడికి. ఉద్యోగం ఇచ్చారు. తూర్పున, రైల్లో రెండు రోజులు. చేతితొడుగులు కుట్టే ఫ్యాక్టరీ."

"ఇంటికన్నావు."

"అన్నాను."

"మాట్లాడానన్నావు."

"మాట్లాడాను మాహినూర్. నా మాటకి విలువుంటే నేను ఈ ఉద్యోగం చేస్తానా?" అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయినా నాకు జాలి వెయ్యలేదు.

ఆ తర్వాతి సోమవారం, పొద్దున పేటంతా చేరి జెండా ఎగరేశాక, మమ్మల్ని వరసల్లో అలాగే నిలబెట్టారు. పైనుంచి వచ్చిన అధికారి ఒకాయన కాగితం ఇస్తే గెయ్రెత్ మైకు ముందు చదివాడు. మా ఊరికొచ్చిన విదేశీయులు నివేదిక ఇచ్చారు. దాంట్లో ఇంకా ఏమేం రాశారో మాకు తెలీదు, తిట్లూ ఉండే ఉంటాయి. మాకు చదివింది ఒక్క ముక్క.

"ఒక ఇంటి గృహిణితో, అధికారులు గాని దుబాసీలు గాని లేని చోట, ఆమెకు అర్థమయ్యే భాషలో నేరుగా మాట్లాడాం. తాము బాగున్నామని ఆమె చెప్పింది."

పేరు రాయనంది. రాయలేదు. మాట నిలబెట్టుకుంది. కానీ వాళ్ళొచ్చింది మా పేటలో ఒక్క ఇంటికే. మూడు వందల మంది తలలు నావైపు తిరిగాయి. వాళ్ళ ఇళ్ళలో, ఎవరో ఒకరు కంచె లోపల లేని ఇల్లు ఒక్కటీ లేదు. పైనుంచి వచ్చినాయన చప్పట్లు కొట్టమన్నాడు, కొట్టారు. నేనూ కొట్టాను. పక్కనే నిలబడ్డ అత్తమ్మ కొట్టలేదు. రెండు చేతులూ కండువా కొసల్లో చుట్టుకుని, రెప్ప వెయ్యకుండా జెండా కర్ర మొదలుకేసి చూస్తూ నిలబడింది. దానికి శిక్షగా ఆమెకి మూడు సాయంత్రాలు రాజకీయ పాఠాల క్లాసు పడింది.

ఇంటికొచ్చి పొయ్యి ముట్టిస్తుంటే పాషాఖాన్ వచ్చింది. ఆమె గొంతు వినగానే నా చేతిలో పుల్ల ఆరిపోయింది. తిడుతుందనుకున్నాను. తిడితే బావుణ్ణనుకున్నాను. ఆమె నా పక్కన పీట లాక్కుని కూచుంది.

"తలొంచుకోకే. నేనైనా అదే చెప్పేదాన్ని. ఇద్దరు పిల్లల్ని లోపల పెట్టుకుని ఇంకేం చెబుతాం?"

నేను ఇంకో అగ్గిపుల్ల గీశాను.

"యాల్కున్ ఏమైనా అన్నాడా, మావాళ్ళ గురించి?"

"వేరే గదులట అక్కా. కనపడరట."

"సర్లే. కనపడకపోతేనేం, ఉంటే చాలు." కండువా కింద నుంచి గోధుమరంగు ఊలు ఉండ తీసింది. "పెద్దాడికి పాత స్వెటరుంది. చిన్నాడికే లేదు. అక్కడ చలెక్కువంటున్నారు, వాడికసలే ఛాతీ బలహీనం. మొదలుపెడదామంటే కొలత తెలీట్లేదు, రెండేళ్ళలో ఎంత ఎదిగాడో ఏమో. మీ ఆయన స్వెటర్ ఒకటియ్యి, దాన్ని బట్టి వేసుకుంటా."

పెట్టె తెరిచి యాల్కున్ స్వెటర్ తెచ్చిచ్చాను. ఆమె దాన్ని మోకాళ్ళ మీద పరిచి, భుజం నుంచి భుజానికి జానలు పెట్టి కొలిచింది. గుమ్మంలో కూచున్న అత్తమ్మ మావైపే చూస్తోంది.

"సరిగ్గా ఇంతే ఉంటాడంటావా?" అంది పాషాఖాన్.

"కాస్త వదులుగా అల్లక్కా" అన్నాను. "ఎదిగే వయసు."